పెద్ద రిమ్ములు, దించిన బండి: పికప్ ట్రక్కులపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికాలో ఉంటున్న పాఠకుల నుంచి పికప్ ట్రక్కుల గురించి ఈ మధ్య చాలా ఉత్తరాలు వస్తున్నాయి. కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి 22, 24 అంగుళాల రిమ్ములు వేయించుకోవాలనీ, బండిని నేలకు దగ్గరగా దించుకోవాలనీ వాటిలో ఎక్కువమంది కోరిక. అందుకే ఈ నెల శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఊరి పేరు మాత్రం ఉంచాం.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్): నాది 2019 షెవర్లే సిల్వరాడో 1500, నాలుగు తలుపుల క్యాబ్, వెనక చక్రాలకు మాత్రమే ఇంజిన్ శక్తి అందే రకం. 275/60ఆర్20 టైర్లతో వచ్చింది. దానికి 24 అంగుళాల రిమ్ములు, 305/35ఆర్24 టైర్లు వేయించి, ముందు 4 అంగుళాలు, వెనక 6 అంగుళాలు దించాలని ఉంది. ఒక్క రోజులో పూర్తవుతుందని, ఏ ఇబ్బందీ ఉండదని షాపువారు అంటున్నారు. అప్పుడప్పుడు ట్రైలరు కూడా లాగుతాను. చేయించవచ్చా? ముందుకంటే వెనక ఎక్కువ ఎందుకు దించుతారు?

జవాబు: ముందు మీ చివరి సందేహం తీరుస్తాను. పికప్ ఖాళీగా ఉన్నప్పుడు దాని వెనక భాగం ముందు భాగంకంటే సుమారు 2 అంగుళాలు ఎత్తుగా నిలబడుతుంది, ఎందుకంటే వెనక తొట్టిలో బరువు పడ్డాక కమాన్లు కుంగి బండి సమంగా రావాలన్నది కంపెనీ ఉద్దేశం. ముందు 4, వెనక 6 దించితే ఆ తేడా పోయి ఖాళీ బండే సమంగా కనిపిస్తుంది. చూపుకు అది అందమే. కానీ ఆ 2 అంగుళాలు సామాను కోసం ఉంచినవి కాబట్టి, మీరు ట్రైలరు తగిలించిన ప్రతిసారీ ఇకమీదట బండి వెనక భాగం నేల చూపులు చూస్తుంది.

ఇక చేయించవచ్చా అంటే, చేయించవచ్చు. కానీ ఒక్క రోజు పని అని చెప్పిన ఆ షాపులో మాత్రం వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

టైరుతో మొదలుపెడదాం. టైరు సైజులో మొదటి అంకె మి.మీ.లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు నూటికి ఎన్ని వంతులో చెబుతుంది, చివరిది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. 275/60ఆర్20 టైరు మొత్తం వ్యాసం 838 మి.మీ., మీరు అనుకుంటున్న 305/35ఆర్24 వ్యాసం సుమారు 823 మి.మీ. తేడా నూటికి రెండు వంతులు కూడా లేదు కాబట్టి స్పీడోమీటరు 60 మైళ్లు చూపించినప్పుడు మీరు 59 మైళ్ల వేగంతో వెళుతుంటారు. దాని గురించి బెంగ అక్కర్లేదు. చూడవలసింది టైరు పక్కగోడ ఎత్తు. ఇప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య 165 మి.మీ. రబ్బరు ఉంది, రేపు 107 మి.మీ. మాత్రమే ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ తట్టుకునేది ఆ రబ్బరూ, అందులోని గాలీ. అవి తగ్గిన మేరకు దెబ్బ రిమ్ము అంచు మీద పడుతుంది, ఆ తర్వాత చక్రం బిగించే హబ్‌లోని బేరింగు మీద, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్ల మీద పడుతుంది.

తరువాత బరువు లెక్క చూడాలి. టైరు పక్కన సైజు పక్కనే ముద్రించే లోడ్ ఇండెక్స్ అనే అంకె ఆ టైరు ఎంత మోయగలదో చెబుతుంది. 115 అంటే 1,215 కిలోలు, 112 అంటే 1,120 కిలోలు, 107 అంటే 975 కిలోలు. కార్ల తరగతికి చెందిన టైరును ట్రక్కుకు వేసినప్పుడు అది మోయగల ఆ బరువును 1.1తో భాగించాలని అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణం చెబుతోంది, షాపుల్లో ఈ భాగహారం ఎవరూ చేయరు. మీ డ్రైవరు తలుపు స్తంభం మీద ఉన్న స్టిక్కరులో వెనక ఇరుసు మోయగల గరిష్ఠ బరువు 3,900 పౌండ్లు, అంటే సుమారు 1,770 కిలోలు అని ఉందనుకుందాం. 112 ఇండెక్స్ టైర్లు రెండు కలిపి, భాగించాక కూడా, 2,036 కిలోలు మోస్తాయి, కాబట్టి ఇబ్బంది లేదు. అదే 107 ఇండెక్స్ ఉన్న ఇంకా పలచని టైర్లు వేస్తే రెండూ కలిపి 1,773 కిలోల దగ్గర ఆగిపోతాయి, అంటే ఇరుసు హద్దుతో సరిగ్గా గీత మీద నిలబడతారు. 26 అంగుళాల రిమ్ముల మీద మోజు పడేవారు ఈ లెక్క వేసుకున్నాకే డబ్బు కట్టాలి.

రిమ్ముకూ ఇలాంటి హద్దే ఉంది. పుల్లల వెనక, లోపలివైపున ఆ రిమ్ము మోయగల బరువును పౌండ్లలో పోతపోసి ఉంటారు. పైన అనుకున్న ఇరుసుకు ఒక్కో చక్రం మీద 1,950 పౌండ్లు పడవచ్చు కాబట్టి, అంతకు తక్కువ అంకె ఉన్న రిమ్ము ఎంత మెరిసినా మీ బండికి పనికిరాదు. అసలు ఏ అంకే లేని రిమ్మును చేత్తో కూడా ముట్టుకోవద్దు.

ఆఫ్‌సెట్ సంగతి చాలామందికి అర్థమైనట్టే ఉంటుంది గానీ కొనేటప్పుడు మరిచిపోతారు. రిమ్ము వెడల్పు మధ్య గీతకంటే హబ్‌కు తగిలే ముఖం ఎంత బయటికి ఉందో చెప్పే కొలత అది. మీ పాత రిమ్ము 9 అంగుళాల వెడల్పు, +28 మి.మీ. ఆఫ్‌సెట్ అనుకుంటే, దాని స్థానంలో 10 అంగుళాలు, +31 ఉన్న రిమ్ము వేస్తే లోపలి అంచు 16 మి.మీ. లోపలికీ, బయటి అంచు 10 మి.మీ. బయటికీ జరుగుతాయి. ఇది సర్దుకోగలిగిన మార్పు. ఎత్తు పెంచిన ట్రక్కులకు వేసే 12 అంగుళాల వెడల్పు, -44 ఆఫ్‌సెట్ రిమ్ములు చవగ్గా దొరుకుతున్నాయని మీ బండికి వేశారా, బయటి అంచు 110 మి.మీ. బయటికి పొడుచుకు వస్తుంది. దించిన బండికి అలా చేస్తే మడ్‌గార్డు అంచు కత్తిలా వచ్చి టైరు మీద కూర్చుంటుంది. గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగు చేతిని అటూ ఇటూ లాగుతుంది, హబ్ బేరింగుల ఆయుష్షు కరిగిపోతుంది.

మీ బండికి 6 నట్లు, వాటి మధ్యల గుండా గీసిన వృత్తం వ్యాసం 139.7 మి.మీ., మధ్య రంధ్రం 78.1 మి.మీ. కొన్ని రిమ్ముల మధ్య రంధ్రం ఇంతకంటే పెద్దగా ఉంటుంది, అప్పుడు రిమ్ము హబ్ మీద కూర్చోకుండా నట్ల మీదే వేలాడుతుంది. సరైన కొలత ఉన్న రింగు వేయించండి. నట్లను 140 ఫుట్-పౌండ్ల బలంతో, టార్క్ రెంచితో, నక్షత్రం క్రమంలో బిగించాలి. గాలి గన్నుతో టకటకా బిగించి పంపేస్తే ఒప్పుకోకండి. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ బిగింపు చూడాలి, ఎందుకంటే కొత్త రిమ్ము మీది రంగు పొర నట్టు కింద నలిగి పలచబడుతుంది.

ఇప్పుడు సస్పెన్షన్ దగ్గరకు వద్దాం. ముందువైపు బండిని దించే దారులు ప్రధానంగా రెండు. స్ప్రింగును, దానితోపాటు షాక్ అబ్జార్బర్‌ను పొట్టి చేయడం ఒకటి. చక్రం తిరిగే ఇరుసు మొన కొంచెం పైకి ఉండేలా తయారైన స్పిండిల్ వేయడం రెండోది. మొదటి దారిలో ఎన్ని అంగుళాలు దించితే అన్ని అంగుళాల మేర చక్రం పైకి లేచే చోటు తగ్గిపోతుంది, చక్రాన్ని ఫ్రేముకు కలిపే కంట్రోల్ ఆర్ముల కోణాలు కూడా మారతాయి. రెండో దారిలో ఆర్ములు, స్ప్రింగు ఎక్కడివక్కడే ఉంటాయి కాబట్టి బండి నడక పెద్దగా మారదు. 4 అంగుళాలు కావాలంటే 2 అంగుళాలు స్పిండిల్‌తో, మిగిలిన 2 స్ప్రింగుతో తీసుకోవడం మంచి పద్ధతి. స్ప్రింగును గ్యాసుతో కాల్చి కుంగదీసే మెకానిక్కులు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు, అలాంటివారి చేతికి బండి ఇవ్వకండి.

వెనకవైపు పని ఇంతకంటే పెద్దది. మీ బండిలో ఇరుసు కమాన్ల కింద వేలాడుతుంది. దాన్ని కమాన్ల పైకి చేర్చే ఫ్లిప్ కిట్ వేస్తే బండి 5, 6 అంగుళాలు దిగుతుంది. కమాన్లు అవే కాబట్టి వాటి బలం తగ్గదు. కానీ ఇరుసు ఫ్రేముకు బాగా దగ్గరవుతుంది, గతుకు తగిలితే పైకి లేచి ఫ్రేమును గుద్దుతుంది. అందుకని ఇరుసు పైన ఫ్రేమును అర్ధచంద్రాకారంలో కోసి, కోసినచోట మందపాటి ఉక్కు పట్టీలు బిగించాలి. దీన్నే సీ-నాచ్ అంటారు. ఫ్రేము వెంట బ్రేకు గొట్టాలు, ఇంధనం గొట్టాలు, వైర్లు వెళుతుంటాయి, వాటిని ముందు పక్కకు జరపకుండా రంపం పెట్టకూడదు. సీ-నాచ్ లేకుండానే 6 అంగుళాలు దించుతామని షాపువారు అన్నట్లయితే, ఆ మాట విన్నవెంటనే లేచి వచ్చేయండి. ఒక్క రోజులో పూర్తవుతుందన్న మాట విన్నప్పుడు నాకు కలిగిన అనుమానం ఇదే.

ఇరుసు చోటు మారినప్పుడు, ఇంజిన్ శక్తిని వెనక ఇరుసుకు చేర్చే డ్రైవ్ షాఫ్టు కోణం కూడా మారుతుంది. పని మొదలుపెట్టకముందే ఆ కోణాన్ని గేజితో కొలిచి రాసుకోవాలి, అయ్యాక మళ్లీ కొలిచి, తేడా ఉంటే కమాన్ల దగ్గర చీలిక ముక్కలు పెట్టి సరిచేయాలి. హైవే మీద 60 మైళ్లు దాటగానే సీటు కింద సన్నని వణుకు మొదలైందని దించిన బండ్ల యజమానులు తరచుగా చెప్పే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఈ కోణమే, టైర్ల బ్యాలెన్సింగు కాదు.

బ్రేకుల గురించి ఒక్క మాట. టైరు వ్యాసం దాదాపు అంతే కాబట్టి బ్రేకులకు ఏ తేడా ఉండదని వాదించేవారున్నారు. వ్యాసం అంతే అయినా బరువు పెరుగుతుంది, ఆ పెరిగిన ఇనుమో అల్యూమినియమో చక్రం మధ్యలో కాకుండా అంచు దగ్గర ఉంటుంది, అంచు దగ్గరి బరువును తిప్పడానికీ ఆపడానికీ ఎక్కువ బలం కావాలి. పాత చక్రాన్నీ కొత్త చక్రాన్నీ టైరుతో సహా తూకం వేయించండి. తేడా పెద్దదైతే మంచి బ్రేకు ప్యాడ్లు వేయించుకోండి, ట్రైలరు తగిలించినప్పుడు దానికి సొంత బ్రేకులు ఉండేలా చూసుకోండి. అన్నట్టు, వెనక 6 అంగుళాలు దిగినప్పుడు ట్రైలరు తగిలించే మీ హిచ్ కూడా 6 అంగుళాలు దిగుతుంది. హిచ్‌లో దూర్చే, ఇప్పుడున్న బాల్ మౌంటుతో ట్రైలరు ముక్కు కిందికి వాలుతుంది కాబట్టి, పైకి వంపు ఉన్న మౌంటు కొనుక్కోవలసి వస్తుంది.

అంతా అయ్యాక నాలుగు చక్రాల అలైన్‌మెంటు చేయించి, కొలతల కాగితం తీసుకోండి. దించిన బండిలో టో కొలత (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉన్న మేర) తప్పినట్లయితే ఖరీదైన టైర్ల లోపలి అంచులు కొన్ని నెలల్లోనే అరిగిపోతాయి, బయటినుంచి చూస్తే మాత్రం కొత్తవాటిలా కనిపిస్తుంటాయి.

ప్రశ్న (షార్లెట్, నార్త్ కరోలినా): మా అబ్బాయికి ఫోర్డ్ ఎఫ్-150 ఉంది. ఖర్చు తగ్గుతుందని వెనక భాగం మాత్రమే 6 అంగుళాలు దించుతానంటున్నాడు, ముందు భాగం అలాగే వదిలేస్తాడట. ఇక్కడి చట్టం దీనికి ఒప్పుకుంటుందా? స్నేహితుడి సిల్వరాడో రిమ్ములు వేస్తానని కూడా అంటున్నాడు.

జవాబు: మీరు అడగడమే మంచిదైంది. ముందు భాగం పైకి లేచి, వెనక భాగం కుంగి ఉండేలా బండిని మార్చే పోకడ మీ రాష్ట్రాల్లో బాగా పాకింది, దానికి కరోలినా స్క్వాట్ అన్న పేరు కూడా వచ్చింది. అలా మార్చిన బండిలో డ్రైవరుకు బానెట్టు తప్ప దాని ముందున్న రోడ్డు కనబడదు, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి కొడతాయి, బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాల మీదికి రావలసిన బరువు సరిగా రాదు. అందుకే నార్త్ కరోలినా 2021 డిసెంబరు 1 నుంచి దాన్ని నిషేధించింది. సస్పెన్షన్‌ను గానీ ఫ్రేమును గానీ మార్చడం వల్ల ముందు మడ్‌గార్డు ఎత్తు వెనక మడ్‌గార్డు ఎత్తుకంటే 4 అంగుళాలు లేదా అంతకు మించి ఎక్కువైతే అది నేరం. ఆ తరువాత వర్జీనియా, సౌత్ కరోలినా కూడా ఇలాంటి చట్టాలు తెచ్చాయి.

ఇప్పుడు మీ అబ్బాయి లెక్క చూడండి. ఖాళీ పికప్‌లో వెనక భాగం మొదట 2 అంగుళాలు ఎత్తుగా ఉంటుందని పై జవాబులో చెప్పాను. వెనక మాత్రమే 6 దించితే ముందు భాగం 4 అంగుళాలు ఎత్తవుతుంది, సరిగ్గా చట్టం గీసిన గీత దగ్గరికి చేరుతుంది. వెనక సీట్లో ఇద్దరు ఎక్కితే, తొట్టిలో నాలుగు సిమెంటు బస్తాలు వేస్తే ఆ గీత దాటినట్టే కనిపిస్తుంది. స్క్వాట్ చేయాలన్న ఉద్దేశం అతనికి లేకపోయినా బండిని ఆపిన పోలీసు టేపు పెట్టి కొలుస్తాడు, ఉద్దేశం అడగడు. ముందు కూడా కనీసం 2, 3 అంగుళాలు దించమనండి, లేదా కమాను చివరను ఫ్రేముకు కలిపే షాకిల్‌ను మార్చి వెనక 2 అంగుళాల దగ్గరే ఆగమనండి. ఈ రెండోదానికి ఖర్చు తక్కువ, ఫ్రేము కోయనక్కర్లేదు, బండి సమంగా నిలుస్తుంది. కుర్రవాడి బండికి నా ఓటు దానికే.

స్నేహితుడి రిమ్ములు పట్టవు. రెంటికీ 6 నట్లే అయినా సిల్వరాడో వృత్తం 139.7 మి.మీ., ఎఫ్-150 వృత్తం 135 మి.మీ. ఎఫ్-150 మధ్య హబ్ కూడా 87.1 మి.మీ., పెద్దది. రంధ్రాలు కాస్త సాగదీసి ఎక్కిస్తామనేవారి మాట వినవద్దని చెప్పండి.

ప్రశ్న (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా): కాలిఫోర్నియాలో దించిన బండి నడపడమే నేరమని నా సహోద్యోగి అంటాడు. ఇప్పటికీ అలాగే ఉందా? శాశ్వతంగా దించడం మంచిదా, ఎయిర్ సస్పెన్షన్ వేయించడం మంచిదా?

జవాబు: మీ సహోద్యోగి చెప్పింది చాలాకాలం నిజం. చక్రాలు తప్ప బండిలో మరే భాగమూ రిమ్ము అడుగు అంచుకంటే కిందికి రాకూడదని కాలిఫోర్నియా వాహన చట్టంలో 1950ల చివరి నుంచి ఒక నిబంధన ఉండేది. పోలీసు కనబడగానే బండిని పైకి లేపుకోవడానికి రాన్ అగీర్ అనే యువకుడు తన 1957 కార్వెట్‌కు హైడ్రాలిక్ పంపులు అమర్చాడు, లోరైడర్ల (నేలకు దగ్గరగా దించిన బండ్ల) హైడ్రాలిక్ సస్పెన్షన్ చరిత్ర అక్కడినుంచే మొదలైందని చెబుతారు. ఆ చట్టం ఎక్కువగా మెక్సికన్ అమెరికన్ల మీదే ప్రయోగించారన్న విమర్శ దశాబ్దాలపాటు ఉంది. 2023 అక్టోబరులో గవర్నర్ సంతకం చేసిన ఏబీ 436 అనే చట్టం ఆ నిబంధనను తొలగించింది, 2024 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. కాబట్టి దించడం నేరం కాదు. హెడ్‌లైట్ల ఎత్తు, టైర్లు మడ్‌గార్డుకు రాసుకోకపోవడం వంటివి మాత్రం చూసుకోవాలి.

ఇక రెండో ప్రశ్న. ఎయిర్ సస్పెన్షన్‌లో స్ప్రింగుల స్థానంలో రబ్బరు గాలి సంచులు, వాటికి గాలి నింపే కంప్రెసరు, నిల్వ ట్యాంకు, వాల్వులు ఉంటాయి. ఆగినప్పుడు బండిని నేలకు ఆనించవచ్చు, వెళ్లేటప్పుడు కావలసినంత లేపవచ్చు. అపార్ట్‌మెంట్ల వాలు దారులు, ఎత్తైన స్పీడ్ బంపులు రోజూ దాటేవారికి ఇది సౌకర్యం. కానీ ఏదో ఒకచోట గాలి కారడం, కంప్రెసరు తడిసి తుప్పు పట్టడం, ఉదయం లేచి చూస్తే బండి ఒక పక్కకు కూలబడి ఉండడం దీనితో వచ్చే తలనొప్పులు. సంచి పూర్తిగా ఖాళీ అయినా బండి తన రిమ్ముల మీద కదలగలిగేలా, ఏ భాగమూ రోడ్డుకు రాసుకోకుండా అమర్చారో లేదో ముందే అడగండి. గాలి సంచులు వేసినంత మాత్రాన తలుపు మీది స్టిక్కరులోని బరువు హద్దు పెరగదు. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికైతే ముందు 2, వెనక 4 అంగుళాల దగ్గర ఆగిన స్థిరమైన కిట్టు చాలు.

ప్రశ్న (షుగర్‌ల్యాండ్, టెక్సాస్): పెద్ద రిమ్ములు వేస్తే మొత్తం వారంటీ పోతుందని డీలరు అన్నాడు. టైర్ల గాలి చూపే లైటు కూడా పనిచేయదట. నిజమేనా?

జవాబు: మొదటి మాట నిజం కాదు. 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, మీరు బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేయడానికి వీల్లేదు, పాడైనదానికి ఆ భాగమే కారణమని కంపెనీ చూపించాలి. ఏసీ పాడైతే రిమ్ముల పేరు చెప్పి వెనక్కి పంపలేరు. హబ్ బేరింగో, బాల్ జాయింటో, టై రాడ్డో పోతే మాత్రం మీ కేసు బలహీనమవుతుందని ఒప్పుకోవాలి. అమర్చిన షాపు బిల్లు, అలైన్‌మెంటు కాగితాలు భద్రపరచుకోండి.

లైటు సంగతి షాపు చేతిలో ఉంది. గాలి ఒత్తిడి కొలిచే పాత సెన్సర్లను కొత్త రిమ్ముల్లోకి మార్చాలి, లేదా మీ బండి అందుకునే తరంగంలో పనిచేసే కొత్త సెన్సర్లు వేసి, వాటిని గుర్తించడం బండికి నేర్పించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టిక్కరు మీద ఉన్న ఒత్తిడికంటే నూటికి 25 వంతులు తగ్గినప్పుడు ఆ లైటు వెలగాలన్నది నియమం. స్టిక్కరు మీద 35 పీఎస్ఐ ఉంటే 26 దగ్గర వెలుగుతుంది. కానీ పలచని, ఎక్కువ బరువు మోసే రకం టైర్లు తమ పూర్తి బరువు మోయడానికి 40 దాటిన ఒత్తిడి అవసరం. లైటు వెలిగేసరికి ఆ టైరు చాలాసేపటి నుంచి నలుగుతూ ఉంటుంది కాబట్టి, నెలకోసారి గేజితో చూసుకోవడం మానవద్దు. పైగా 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీ లేదు. పొగ పరీక్ష మాత్రం మీ హారిస్, ఫోర్ట్ బెండ్ లాంటి కౌంటీల్లో కొనసాగుతోంది. అరిగిన లోపలి అంచును వేలెత్తి చూపే ఇన్‌స్పెక్టరు ఇక మీకు ఎదురుకాడు.

లేన్ దాటితే హెచ్చరించే కెమెరా, ముందు బండిని కనిపెట్టే రాడారు ఉన్న ట్రక్కుల్లో బండి ఎత్తు మారాక వాటిని మళ్లీ సరిచూపించాలి. హెడ్‌లైట్లను కూడా గోడకు ఎదురుగా నిలిపి సరిచేయించండి.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): 1985 షెవర్లే సి-10 కొన్నాను. 6 నట్ల 22 అంగుళాల రిమ్ములు చవగ్గా దొరికాయి. అడాప్టరు వేసి బిగించవచ్చా?

జవాబు: వద్దు. మీ సి-10కు 5 నట్లు, 127 మి.మీ. వృత్తం. అడాప్టరు మందం ఎంత ఉంటే చక్రం అంత బయటికి వస్తుంది, అసలే పాత బండి స్టడ్లు నేటి ట్రక్కుల 14 మి.మీ. స్టడ్లకంటే సన్నవి. 127 వృత్తానికే తయారైన 20 అంగుళాల రిమ్ములు మార్కెట్లో చాలా ఉన్నాయి. జీప్ రాంగ్లర్ రిమ్ముల వృత్తం కూడా 127 కాబట్టి వాటిని ఎక్కించమని ఎవరైనా సలహా ఇస్తే, వాటి మధ్య రంధ్రం 71.5 మి.మీ. మాత్రమేనని, మీ హబ్ అంతకంటే పెద్దదని చెప్పండి. రిమ్ములకు ముందు మీ బండి బుష్‌లు, బాల్ జాయింట్లు, వెనక డ్రమ్ముల మీద డబ్బు పెట్టండి. 40 ఏళ్ల బండిని దించినప్పుడు మొదట వదులయ్యేవి అవే.

ప్రశ్న (గుంటూరు): ఇసుజు వి-క్రాస్ నడుపుతున్నాను. అమెరికాలో ఉన్న మా బావగారి ట్రక్కు చూశాక నా బండికి కూడా 22 అంగుళాల రిమ్ములు వేసి దించాలని ఉంది. ఇక్కడ కుదురుతుందా?

జవాబు: మీ బండి మన శ్రీసిటీలోనే తయారైంది, దాని చక్రాలకు కూడా 6 నట్లు, 139.7 వృత్తమే. అంటే రిమ్ము ఎక్కించడం వరకు కుదిరినట్టే కనిపిస్తుంది. అడ్డు చట్టం దగ్గర వస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటితో సరిపోకుండా పోయేలా బండిని మార్చకూడదు. ఈ సెక్షన్‌ను వివరిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో గట్టిగా తీర్పు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. రిమ్ములొకటి, సస్పెన్షన్ ఒకటి అని విడివిడిగా లెక్కపెడతారు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయరు కూడా మొదట చూసేది ఈ మార్పులనే.

చట్టం సంగతి అలా ఉంచినా, జిల్లా రోడ్ల మీద ఊరి మొదట్లో ఒకటి, బడి ముందు ఒకటి, గుడి ముందు ఒకటిగా పోసుకున్న కొలతలేని స్పీడ్ బ్రేకర్లు మీకు తెలిసినవే. వాటిని దాటడానికే మీరు ఎత్తైన బండి కొనుక్కుని ఉంటారు. చక్రాల అందం కోసమే అయితే, కంపెనీ ఇదే మోడల్‌లోని పై రకానికి ఇచ్చే సైజు రిమ్ములు, టైర్లు షోరూమ్ ద్వారా వేయించుకోండి. బిల్లు మీద సైజు స్పష్టంగా రాయించండి, ఆ సంగతి బీమా కంపెనీకి ఉత్తరంగా తెలియజేసి, అందినట్టు జవాబు తీసుకోండి. స్టెప్నీ కూడా అదే వ్యాసానిదై ఉండాలి. మీది 4×4 రకమైతే ఒక్క చక్రం వ్యాసం తేడాగా ఉన్నా, గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ మోడ్‌లో నడిపినప్పుడు శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోని పళ్లు బిగుసుకుంటాయి.